తలకొట్టిన సేరు

ముప్పై ఒక్క సంవత్సరాల పాటు నేను చేసిన ఉద్యోగం, ఏమీ కొనకుండా ధరలు అడగడం. వారం వారం అదే సంతకు, అదే అంగడికి వెళ్ళి, అదే సరుకు ధర అడిగి, షీటు మీద రాసుకుని చిక్కబళ్ళాపురంలో మా ఆఫీసుకు చేర్చాలి. చింతామణి, బాగేపల్లి నా వాటాకు వచ్చిన సంతలు. పెళ్ళి మాటలప్పుడు మామగారు "పిల్లోడు ఏం చేస్తాండాడు?" అని అడిగితే మా నాయన "గవర్నమెంటు తరఫున సంత చేస్తాండాడు" అన్నాడు. మామగారికి అదేదో పెద్ద అధికారంలా వినిపించి పిల్లనిచ్చాడు.

ఇప్పుడు ఆ పని చేస్తున్న పిల్లలు ఈమధ్య నన్ను చూడటానికి వచ్చారు. అందరి చేతుల్లోనూ ట్యాబులున్నాయి. "మీ సర్వీసులో మరిచిపోలేని సంగతి ఒకటి రాసివ్వండి సార్" అని అడిగారు. నాకు శాలువా కప్పిన కథేదో రాస్తాననుకుని ఉంటారు. నేను రాస్తున్నది నా తప్పు గురించి. చదివి మీకు నా మీద కోపం వస్తే రానివ్వండి. నాకు ఇప్పటికీ వస్తూనే ఉంది.

ముందు మన పని ఎందుకో ఒక్క మాట. వంద రూపాయల నోటు మీద వంద అనే ఉంటుంది. పదేళ్ళు బీరువాలో దాచి తీసినా వంద అనే ఉంటుంది. ఆ నోటు పెట్టి తెచ్చుకునే ఉలవలు మాత్రం ఏటికేడాది తగ్గిపోతుంటాయి. ఎంత తగ్గాయో పట్టుకుని కాగితం మీద పెట్టడానికే మనకు జీతమిచ్చేది.

చింతామణి సంతలో గింజల వరుస ఒకటుంది. రాగులు, ఉలవలు, అనపగింజలు, అలసందలు, అన్నీ గోతాల్లో నోరు తెరుచుకుని ఉంటాయి. కేజీలతో తూచి అమ్మాలని చట్టం వచ్చి ఎన్నేళ్ళయినా ఆ వరుసలో సేరే నడుస్తుంది. సేరంటే గుండ్రటి ఇత్తడి డబ్బా. మొదటి సేరు పోసేటప్పుడు వ్యాపారి "ఒకటి" అనడు, "లాభం" అంటాడు. తరువాతే రెండు, మూడు. వారానికి ఒక్క సేరు మాత్రమే కొనగలిగేవాళ్ళ చెవిన పడేది ఆ లాభం ఒక్కటే.

నా షీటులో మాత్రం గడులన్నీ కేజీలవే. అందుకని మా దగ్గర ఒక పట్టిక ఉండేది. సేరు ఉలవలంటే తొమ్మిది వందల యాభై గ్రాములు, సేరు రాగులంటే ఇంత, అనపగింజలంటే ఇంత అని నాకు ముందు ఆ సీటులో కూర్చున్నాయన ఎప్పుడో తూచి రాసిపెట్టిపోయాడు. నేను సేరు ధర అడగడం, పట్టిక చూసి కేజీ ధరగా మార్చడం, ముత్యాల్లాంటి అక్షరాలతో గడి నింపడం. నా చేతిరాత చూసి ఆఫీసులో కొత్తవాళ్ళకు నా షీట్లే నమూనాగా చూపించేవాళ్ళు. ఆ గర్వం నాకు బాగా ఉండేది.

నేను ధర అడిగే గింజల వ్యాపారి నాకంటే నాలుగైదేళ్ళు పెద్దవాడు. నేను కనబడగానే గోతాం మీద తువ్వాలు పరిచి కూర్చోబెట్టేవాడు, టీ తెప్పించేవాడు, నేను అడగకముందే ధరలన్నీ గడగడా చెప్పేవాడు. ఆ వరుసలో ఇంకొకరి సేరును ఎవరూ ముట్టుకోరు. పొద్దున అంగడి తెరవగానే కళ్ళకద్దుకునే వస్తువు అది. దాని మీద చెయ్యి వేస్తే మనిషిని అనుమానించినట్టే. నేనూ వేయలేదు. మర్యాద అనుకున్నాను. నిజం చెప్పాలంటే కొంత టీ మహిమ కూడా ఉంది.

అసలు సంగతికి వస్తాను. శిడ్లఘట్ట నుంచి చింతామణి వైపు వచ్చే దారిలో పట్టు రీలింగ్ యూనిట్లున్నాయి. మరిగే నీళ్ళ తొట్ల ముందు కూర్చుని పట్టుగూళ్ళ నుంచి దారం తీసేది ఎక్కువగా ఆడవాళ్ళే. కొన్ని యూనిట్ల యజమానులకూ ఆ పనివాళ్ళకూ మధ్య ఒక ఒప్పందం ఉండేది. ఏడాదికొకసారి చింతామణి ధరల షీటు చూడాలి. ధరలు ఎంత పెరిగితే కూలి అంత పెరగాలి. రెండు పక్షాలూ నమ్మే కాగితం అదొక్కటే. అంటే నా కాగితం.

నేను చెప్పబోయే ఏడాదికి ముందు రెండేళ్ళు కూలి నామమాత్రంగా పెరిగింది. ఎందుకంటే నా షీటులో నూనె, సబ్బు పెరిగాయి గాని గింజల వరుసలో ధరలు కదలలేదు. అదే కాలంలో బాగేపల్లిలో గింజల ధరలు ఎగబాకుతున్నాయి. అక్కడ నేను ధర అడిగే అంగడిలో కరెంటు త్రాసు మీద తూచి అమ్ముతారు. మా పై అధికారి ఒకసారి అడిగాడు కూడా, "ఏం సార్, ఒక చోట ఇట్ల, ఇంకో చోట అట్ల?" అని. "బాగేపల్లి సరుకు ఆంధ్రా వైపు నుంచి వస్తాంది సార్, బాడుగ ఎక్కువ" అని ఠక్కున చెప్పేశాను. ఆ జవాబు ఎక్కడి నుంచి వచ్చిందో నాకే తెలియదు. సీనియర్ని కదా, తెలియదు అనడానికి నామోషీ.

ఆ ఏడు నా షీటు ప్రకారం కూలి పెరగాల్సింది దాదాపు సున్నా. పనివాళ్ళు ఒప్పుకోలేదు. చిక్కబళ్ళాపురంలో ఒక అధికారి ముందు గురువారం నాడు విచారణ పెట్టారు. నేను వెళ్ళి, షీట్లు నావేననీ సరైనవేననీ సంతకం చేయాలి. సంతకం పడితే రెండు వందల మంది ఆడవాళ్ళ కూలి ఇంకో ఏడాది ఎక్కడిదక్కడే ఉండిపోతుంది.

విచారణకు నాలుగు రోజుల ముందు సంత. ఎప్పటిలాగే గోతాం మీద కూర్చుని రాసుకుంటున్నాను. నలభై దాటిన ఒకామె నా షీటులోకి తొంగి చూసింది. వేళ్ళ కొసలు తెల్లగా నాని, చర్మం పొరలు లేచి ఉన్నాయి. చూడగానే తొట్టి ముందు పనిచేసే మనిషి అని తెలిసిపోయింది.

"ఏం రాస్తాండావప్పా?"

"ధరలమ్మా."

"ఉలవలకు ఏం రాసినావు?"

చెప్పాను. పోయిన ఏడు ఎంతో ఇప్పుడూ అంతే.

"మా కూలి తేల్చే కాగితం ఇదేనా?" అంది. నేను అవునన్నట్టు తలూపాను. "రేటు రాసినావు సరే. సేరులో ఏముండాదో చూసినావా?"

"నాది రేటు రాసే పని తల్లీ. సేరు చూసే పని కాదు."

ఈ మాట నేనే అన్నాను. చాలా దర్జాగా అన్నాను.

ఆమె కదల్లేదు. "మా ఇంట్లో అయిదు మందిమి. పూటకు నాలుగు పిడికిళ్ళ ఉలవలు పోస్తే చారవుతాది. ముందు సేరు తీసుకపోతే పన్నెండు పిడికిళ్ళు ఉన్నింది, మూడు పూటలొచ్చేది. ఇప్పుడు రెండు పూటలకే సంచి దులుపుకోవాల, మూడో పూట ఆ దులిపినది మిగతావాళ్ళకే చాలదు. రేటు పెరగలేదంట!"

వ్యాపారి నవ్వి "ఆడోళ్ళకు ఎంత పోసినా తక్కువే అప్పా" అన్నాడు. నేనూ నవ్వాను. కాని లోపల ఎక్కడో గుచ్చుకుంది. దాన్ని వదిలించుకోవడానికే "నాకూ ఒక సేరు ఉలవలు పొయ్యి" అని డబ్బులు తీసి ఇచ్చాను. ఆయన "లాభం" అంటూ సేరు నిండా పోసి, పైన గోపురం కట్టి, గింజలు జారిపడేదాకా నింపి నా సంచిలో వేశాడు. దాని మీద ఒక గుప్పెడు కొసరు కూడా వేశాడు. పక్క సందులో కిరాణా అంగడికి వెళ్ళి త్రాసు మీద పెట్టించాను. తొమ్మిది వందల నలభై చిల్లర. పట్టిక నిలబడింది.

ఆమెకు నాలుగు మాటలు చెప్పాలని విసవిసా తిరిగి వచ్చాను. ఆమె ఇంకా అంగడి ముందే ఉంది, తన సేరు కొంటోంది. వ్యాపారి "లాభం" అన్నాడు. సేరు నింపాడు. అరచేతిని అంచుల మీద ఒక్కసారి అడ్డంగా లాగాడు. గోపురం మొత్తం తిరిగి గోతాంలో పడింది. తలకొట్టడం అంటారు దీన్ని. ఆ సమం చేసిన సేరును ఆమె సంచిలో పోసి చెయ్యి దులుపుకున్నాడు. కొసరు లేదు.

నన్ను చూసి ఆయన ముఖం మాడింది. ఎన్నాళ్ళుగా ఆ అంగడిలో కూర్చున్నాను! ఆయన చెయ్యి ఎటు పోతోందో చూడకుండా షీటు వైపే చూస్తూ కూర్చున్నాను.

"అమ్మా, నీ సంచి నాకియ్యి. నాది నువ్వు తీసుకో" అన్నాను. ఆమె అనుమానంగా చూసి, నా సంచి బరువు చేత్తో చూసుకుని, మార్చుకుంది. ఆమె ఉలవలు పట్టుకుని మళ్ళీ అదే కిరాణా అంగడికి పోయాను. ఏడు వందల అరవై.

తిరిగి వచ్చి వ్యాపారిని నిలదీశాను. ఆయన గొంతు పెంచలేదు.

"నాకు మాత్రం లోడు రేటు పెరగలేదా అప్పా? సేరుకు అయిదు రూపాయలు పెంచినానంటే ఈ అమ్మలంతా పక్కంగడికి పోతారు. ముందు కొసరు ఆపినా, ఎవురూ పోలేదు. మెల్లిగా గోపురం తీసేసినా, అప్పుడూ ఎవురూ పోలేదు. వరుసంతా ఇట్లే చేస్తాండాము."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు రేటు అడిగినావు, రేటు చెప్పినా. కొలత యానాడన్నా అడిగినావా?"

షీటు మడిచి జేబులో పెట్టుకుని, ఆమె ఉలవల సంచి పట్టుకుని అదే ఊళ్ళో ఉన్న మా ఇంటికి వచ్చేశాను.

మర్నాడు మా పై అధికారికి అంతా చెప్పాను. వయసులో నాకంటే చాలా చిన్నవాడు, చెడ్డవాడు కాదు. తలుపు దగ్గరికి వేసి నెమ్మదిగా మాట్లాడాడు.

"సార్, మీకింకా పద్నాలుగు నెలలు సర్వీసు ఉండాది. ఇప్పుడు మీరు తప్పంటే మూడేళ్ళ షీట్లు తప్పని కదా? మీకు మెమో వస్తాది. మీదొక్కటే కాదు, చెక్ చేసి సంతకం పెట్టినది నేను. ఈ ఒక్కసారికి సంతకం పెట్టేయండి. వచ్చే నెల మనమే పట్టిక మార్చుకుందాం."

"ఆ ఆడవాళ్ళ కూలి సార్?"

"వచ్చే ఏడు పెరుగుతాది కదా."

ఆ మాటకు నేను తలూపి బయటికి వచ్చాను. దాచడమెందుకు, సంతకం పెట్టేద్దామనే నిశ్చయించుకున్నాను. మూడు రోజులైనా ఆ నిశ్చయం మారలేదు. గురువారం పొద్దున చింతామణిలో బస్సెక్కేటప్పుడు ఆ ఉలవల సంచి ఎందుకు భుజానికి తగిలించుకున్నానో నాకే సరిగ్గా తెలియదు. శిడ్లఘట్టలో బస్సు ఆగితే పనివాళ్ళ తరఫున వచ్చే అయిదారుగురు ఆడవాళ్ళు ఎక్కారు. వాళ్ళలో ఆమె ఉంది. నన్ను చూసింది, పలకరించలేదు. సంచిని కాళ్ళ సందుకు తోసుకుని చిక్కబళ్ళాపురం వచ్చేదాకా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను.

హాలులో బల్లకు ఒకవైపు యజమానుల తరఫు పెద్దమనిషి, రెండోవైపు ఆడవాళ్ళు, నడుమ విచారణ అధికారి. గోడవారగా మా పై అధికారి. పెద్దమనిషి నా షీటులోని అంకెలు ఒక్కొక్కటే చదివాడు. నా అంకెలు అంత గట్టిగా నేనెప్పుడూ వినలేదు. ఉలవలు, పెరుగుదల లేదు. రాగులు, లేదు. అనపగింజలు, లేదు.

అధికారి కన్నడంలో అడిగాడు, ఈ షీట్లు మీవేనా అని.

"నావే" అన్నాను.

సరైనవేనా అని అడగబోతుండగా ఆమె లేచి నిలబడింది. పన్నెండు పిడికిళ్ళ సంగతి, మూడు పూటల సంగతి నాకు చెప్పినట్టే చెప్పింది. మాట తడబడలేదు. పెద్దమనిషి చిరాకు పడ్డాడు.

"ఇది గవర్నమెంటు కాగితం. అది ఈయమ్మ పిడికిలి. ఏది నమ్మేది సార్? ఒక్కొక్కరి పిడికిలి ఒక్కొక్క సైజు ఉంటాది."

కాగితానికి కాగితమే జవాబు కావాలని అధికారి అన్నాడు. ఆమె దగ్గర కాగితం లేదు. నిలబడినది కూర్చోకుండా నా వైపు చూసింది. గోడవార నుంచి మా పై అధికారి కూడా చూస్తున్నాడు. నా ముందు సంతకం చేయాల్సిన పత్రం ఉంది, పక్కన పెన్ను ఉంది. ఈ పూట గడిస్తే చాలు, పద్నాలుగు నెలలే కదా అనుకున్నాను. చెయ్యి పెన్ను మీదికి పోయింది కూడా.

సంచి ఎత్తి బల్ల మీద పెట్టాను.

"ఈమె ఆదివారం చింతామణిలో సేరు లెక్కన కొన్న ఉలవలు సార్ ఇవి. నేను ఎదురుగా ఉన్నాను. తూచి చూడండి."

ఆ ఆఫీసులో త్రాసు లేదు. గేటు బయట ద్రాక్షపండ్లు అమ్మేవాళ్ళ దగ్గర ఉందని ప్యూను పరుగెత్తాడు. అతను వచ్చేలోపల ఆమె ఎవరినీ అడగకుండా ఒక పేపరు పరిచి, సంచిలోంచి పిడికిలితో ఉలవలు తీసి పోయడం మొదలుపెట్టింది. "లాభం" అంది. ఆ అలవాటు అందరి నోటికీ అంటుకున్నదే. రెండు. మూడు. అయిదు దాటాక పెద్దమనిషి కూడా ముందుకు వంగి చూడసాగాడు. తొమ్మిది పోశాక అడుగున మిగిలినది ఎత్తి చూపించింది. అర పిడికిలి.

త్రాసు వచ్చింది. ఏడు వందల అరవై. పట్టికలో ఎంత ఉందో నన్నే చదవమన్నారు. తొమ్మిది వందల యాభై అని చదివాను.

పెద్దమనిషి ఊరుకోలేదు. "దారిలో నాలుగు గుప్పెళ్ళు తీసేసి తెచ్చినాడేమో సార్, ఎవురికి తెలుసు?"

అతను అన్నదాంట్లో తప్పేం లేదు. నా దగ్గర రసీదు లేదు, సాక్షి లేడు. అప్పుడు పెన్ను తీసుకున్నాను. సంతకం పెట్టాల్సిన పత్రాన్ని వెనక్కి తిప్పి రాశాను. సేరు కొలత మూడేళ్ళుగా, మొన్న ఆదివారం దాకా, నేను ఒక్కసారి కూడా తూచి చూడలేదు. సేరుతో అమ్మే సరుకులకు నేను రాసిన కేజీ ధరలన్నీ తప్పు. ఈ తప్పు నాదే, ఆఫీసుది కాదు. కింద పేరు, హోదా, తేదీ. ఆ రోజు మాత్రం నా అక్షరాలు కోడి గీకినట్టు వచ్చాయి.

అధికారి చదివి పెద్దమనిషి ముందుకు జరిపాడు. అతను రెండుసార్లు చదివాడు.

"నీ కాగితం నమ్మే కదప్పా మేము రెండేళ్ళు లెక్క తేల్చుకున్నాము" అన్నాడు. కోపంగా అనలేదు. అదే ఎక్కువ బాధ పెట్టింది. నేను దొంగలా తల వంచుకుని నిలబడ్డాను.

తరువాత జరిగింది చిన్నదే. వచ్చే సంత రోజు రెండు పక్షాలూ కలిసి ఆ వరుసలో పది అంగళ్ళలో తూచాలన్నారు. తూచారు. ఎనిమిది అంగళ్ళలో తలకొట్టిన సేరే. ఆ ఏడు కూలి న్యాయంగా పెరిగింది. గడిచిన రెండేళ్ళకు మాత్రం ఒక్క పైసా రాలేదు. ఒప్పందంలో వెనక్కి లెక్క కట్టే మాట లేదట. నాకు మెమో వచ్చింది, ఒక ఇంక్రిమెంటు పోయింది, దాంతో పెన్షను కొంత తగ్గింది. పై అధికారి ఏడాది దాకా నాతో సరిగా మాట్లాడలేదు, రిటైరయిన రోజు మాత్రం బస్టాండుదాకా వచ్చి సాగనంపాడు. గింజల వ్యాపారి నాకు టీ తెప్పించడం మానేశాడు. కాని నేను వెళ్ళగానే సేరు తీసి నా చేతికిచ్చేవాడు, చూసుకో అన్నట్టు.

పిల్లలూ, మీ ట్యాబులో కొలత గడి ఇప్పుడు వేరేగా ఉందని విన్నాను. మంచిదే. కాని గడి ఉన్నంత మాత్రాన తూచడానికి చెయ్యి దానంతట అదే కదలదు. సబ్బు అదే ధర ఉంటే కాగితం తిప్పి బరువు చదవండి. బిస్కెట్ పొట్లం అదే ధర ఉంటే ఎన్ని బిస్కెట్లో విప్పి లెక్కపెట్టండి. మొహమాటానికి పోయి టీ తాగుతూ కూర్చోకండి.

ఆ గురువారం సంగతి ఒకటి మిగిలింది. విచారణ ముగిశాక ఆ పేపరు మీది ఉలవలు మళ్ళీ సంచిలో పోసుకుని బయటికి వచ్చాను. ఆడవాళ్ళంతా బస్టాండులో నిలబడి ఉన్నారు. ఆమె దగ్గరికి వెళ్ళి "ఇవి నీవేనమ్మా, తీసుకో" అన్నాను.

"నాకేంటికప్పా? మార్చుకున్నాము కదా. నువ్విచ్చిన సేరు ఇంటికి తీసుకపోయినా."

"సరిపోయిందా?"

"మూడు పూటలొచ్చింది" అంది. శిడ్లఘట్ట బస్సు లోపలికి తిరుగుతోంది. ఆమె కొంగు బిగించుకుని అటు నడుస్తూ, ఏదో చిన్న సంగతి గుర్తొచ్చినట్టు వెనక్కి తిరిగింది.

"మూడో పూట నేను కూడా చారు పోసుకున్నా అప్పా."